శాస్త్రీయం వచ్చినా సినిమా పాట ఎందుకు పలకట్లేదు?

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 14 ఏళ్లు. ఆరేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. మోహన రాగంలోని వర్ణాన్ని రెండు కాలాల్లోనూ, అంటే మామూలు వేగంలోనూ రెట్టింపు వేగంలోనూ, తడుముకోకుండా పాడుతుంది. కానీ సినిమా పాట ఎత్తుకుంటే స్వరాలన్నీ సరిగ్గానే పడతాయి, పాట మాత్రం పలకదు. మైకు ముందు మరీ గట్టిగా, ప్రతి మాటకీ గమకం (స్వరాన్ని ఊపుతూ పలకడం) వేసేస్తుంది.

ఇక్కడే నాకు తికమక. ఘంటసాల గారు విజయనగరం సంగీత కళాశాలలో చదివారు, సుశీల గారూ అక్కడే. బాలు గారేమో పద్ధతిగా శాస్త్రీయం నేర్చుకోకుండానే 'శంకరాభరణం'కి జాతీయ అవార్డు అందుకున్నారు. ఘంటసాల గారు పద్యం పాడితే రాగం ఎంత సాగినా సమాసం విరగదు, ఒక్కో మాటా అర్థమవుతుంది. అది సాధనతో వచ్చేదా, సాహిత్యం తెలిస్తే వచ్చేదా?

పాఠం చెప్పే మేడమ్‌ని అడిగితే "సినిమా పాటలు ఇప్పుడే వద్దమ్మా, గొంతు పాడవుతుంది" అన్నారు. ఇందులో నిజమెంత? మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి లాంటివాటికి విడిగా సాధన ఉంటుందా? ఆర్కెస్ట్రాల్లో పాడినవాళ్లు, రెండు పద్ధతులూ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. వచ్చే నెల స్కూల్లో పోటీ ఉంది. టెన్షన్ తనకంటే నాకే ఎక్కువ!