‘వొసె’ అన్న సామెతలో ‘ఎ’ ఎవరిది?

ప్రశ్న: నిరుడు లిస్బన్‌లో మేము అద్దెకు దిగిన ఇంటి పెద్దావిడను, బ్రెజిల్ పోర్చుగీసు పాఠాలలో నేర్చుకున్న అలవాటు కొద్దీ ‘వొసె’ (‘నువ్వు’) అని పలకరించాను. ఆమె ముఖం చిన్నబుచ్చుకొని “వొసె ఎ ...రియ” అని ఒక సామెత చెప్పారు. చివరి మాట పూర్తిగా గుర్తురాక మనసు కొట్టుమిట్టాడుతున్నది. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆవిడను ఏమని సంబోధించాలి?

జవాబు 1: ఆ మాట ‘ఎష్త్రెబరియ’, అంటే గుర్రాలశాల. ‘వొసె’ అన్నది శాలలో చెల్లే మాటే గాని పెద్దల ముందు చెల్లదని భావం.

జవాబు 2: అంత తేలికగా తేల్చలేము. ‘వొసె’ మధ్యమ పురుషను సూచించినా క్రియ ప్రథమ పురుషలోనే ఉంటుంది గనుక, క్రియగా నిలిచిన ‘ఎ’ అన్న ఆ ఒక్క అక్షరం “ఆ మాట శాల” అనడానికీ, “నీవే శాల” అనడానికీ సమానంగా సరిపోతుంది. నేను రెండవ అర్థం వైపే మొగ్గుతాను; మందలింపు మనిషికే తగలాలి కదా.

జవాబు 3: ‘వొసె’ పుట్టుక మరచిపోకండి. ఒకప్పుడు రాజులకు చెల్లిన ‘వొస మెర్సె’, అంటే ‘తమ దయ’, ‘వొసెమెసె’గా అరిగి చివరకు ఈ రెండక్షరాలుగా మిగిలింది. బ్రెజిల్‌లో అది మామూలు మాట; పోర్చుగల్‌లో చాలామంది పెద్దల చెవికి ఇప్పటికీ కటువు. మన ‘ఒసే’తో ధ్వని కలవడం యాదృచ్ఛికమే అయినా, జ్ఞాపకం పెట్టుకోవడానికి అది చాలు.

జవాబు 4: 1572లో అచ్చయిన తన మహాకావ్యంలో పోర్చుగీసు కవి కమోయిన్ష్ పడుచు రాజైన సెబాస్టియన్‌ను బహువచన రూపమైన ‘వొష్’తో సంబోధించాడు. మన ప్రాచీన కవులు రాజునైనా దేవుడినైనా ‘నీవు’ అనే పిలిచారు. మర్యాద సర్వనామంలో కన్నా పలికే తీరులోనే ఉన్నదని ఆయనను చదివిన ప్రతిసారీ నాకు తోస్తుంది.

ప్రశ్న అడిగినవారు: పెద్దావిడను ఏమని సంబోధించాలో ఇంకా తేలలేదు.

జవాబు 1: సర్వనామం జోలికే పోకండి. “అమ్మగారు కాఫీ తీసుకుంటారా?” అని మన ఇళ్ళలో అడిగినట్లే, “అ సెన్యోర కేర్ కఫె?” అనండి. పేరు తెలిసి ఉంటే దాని ముందు ‘దోన’ చేర్చండి.

జవాబు 2: ఈ సలహా సరైనదే. ‘ఎ’ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.