‘స్పెక్యులాట్రిక్స్’కి తెలుగు మాట కావాలి

పోస్టు: పిల్లల కోసం రోబోల మీద వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 1948-49లో బ్రిస్టల్‌లో, బర్డెన్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో మెదడు తరంగాల మీద పనిచేసే గ్రే వాల్టర్ రెండు మరతాబేళ్ళు చేశాడు. పేర్లు ఎల్మర్, ఎల్సీ. మూడు చక్రాలు, పైన డిప్ప, ఒక వెలుతురు కన్ను, రెండు మోటార్లు, పాత రేడియోల్లోలాంటి వాల్వులు రెండంటే రెండు. ఆ ‘జాతి’కి లాటిన్‌లో మాకినా స్పెక్యులాట్రిక్స్ అని పేరు పెట్టాడు. ‘అన్వేషక యంత్రం’ అని రాస్తే జీవో చదువుతున్నట్టుంది.

వ్యాఖ్య: కాంత్యనువర్తన యంత్రం అనండి. పదో తరగతి జీవశాస్త్రంలో ఉన్న మాటే కదా.

వ్యాఖ్య: అది కుండీలో మొక్కకి సరిపోతుంది మాస్టారూ. మొక్క వెలుతురు వైపు వంగుతుంది, అంతే. ఎల్సీ తిరుగుబోతు. ముందు చక్రమూ కన్నూ కలిసి గిరగిరా తిరుగుతూ గదంతా గాలిస్తాయి. ఓ మోస్తరు వెలుగు కంటబడగానే ఆ తిరుగుడు ఆగి, బండి అటే పోతుంది. లాటిన్‌లో స్పెక్యులాటర్ అంటే వేగులవాడు. చివరి ‘ట్రిక్స్’ స్త్రీవాచకం. మనకి చెలికాడు–చెలికత్తె లేదూ? అలాగే వేగుకత్తె!

వ్యాఖ్య: భలే! వేగుచుక్కలోనూ వేగుజాములోనూ ఉన్న ‘వేగు’ తెల్లవారడం. గూఢచర్యమూ వెలుతురూ ఒకే మాటలో దొరికాయి. లాటిన్‌కి ఈ భాగ్యం లేదు.

వ్యాఖ్య: పిల్లలు మాత్రం బెండకాయ వేపుడు అనుకుంటారండీ :)

వ్యాఖ్య: అనుకోనివ్వండి, ఆ అర్థమూ అతుకుతుంది. వెలుగు మరీ ఎక్కువైతే ఎల్సీ వేగిపోతానన్నట్టు పక్కకి మళ్ళుకుంటుంది.

వ్యాఖ్య: మరి బ్యాటరీ ఎక్కించుకునే గూట్లో పెద్ద దీపమే కదా పెట్టింది? అక్కడికెలా పోతుంది?

వ్యాఖ్య: నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. ఆకలిని కనిపెట్టే పరికరమేదీ అందులో విడిగా లేదు. బ్యాటరీ నీరసించేకొద్దీ వాల్వులకి చురుకు తగ్గి, పెద్ద దీపం కూడా దానికి మోస్తరుగానే తోస్తుంది. నేరుగా గూట్లోకి పోతుంది. ఛార్జింగు ఎక్కాక అదే దీపం మళ్ళీ కళ్ళల్లో పొడిచినట్టై బయటికొచ్చేస్తుంది. రెండు వాల్వులతో ఇంత నాటకం!

పోస్టు పెట్టినవారు: సరే, ‘వేగుకత్తె’ ఖాయం. వేపుడు జోకు కూడా వ్యాసంలో పెట్టేస్తున్నా.

వ్యాఖ్య: ఒక్కమాట. డిప్ప అని రాశారు. మా వైపు తాబేటి చిప్ప అంటాం.

పోస్టు పెట్టినవారు: మా ఇంట్లో డిప్పేనండీ. పైగా ఇది ఉత్త మూత కాదు. గోడకో కుర్చీ కాలికో తగిలితే డిప్ప కాస్త జరిగి లోపలి స్విచ్చి కలుస్తుంది, బండి వెనక్కీ ముందుకీ తన్నుకుని దారి వెతుక్కుంటుంది. ‘చిప్ప’ అంటే కొబ్బరిచిప్పలా కదలక కూర్చున్నట్టు లేదూ?

వ్యాఖ్య: కొబ్బరిచిప్పని కూడా ఎలక లాక్కుపోతే కదులుతుందండీ.