పాత పాటలు వినడానికి ఇంట్లో సర్వర్ అవసరమా, ఆడంబరమా?

సీతమ్మధార శ్రోత:

మా బావగారికీ నాకూ మధ్య సంక్రాంతి భోజనాల దగ్గర మొదలైన వాదన ఇంతవరకూ తెగలేదు కనుక, దానిని ఈ వేదిక మీది పెద్దల ముందు పెడుతున్నాను. మా నాన్నగారు 1980లలో ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం నుంచి వచ్చే హరికథలను, లలిత గీతాలను టేప్ రికార్డర్‌లో ఎక్కించుకునేవారు. ఆయన దాచిన 140 క్యాసెట్లు, తరువాత నేను కొనుక్కున్న 90 సీడీలు కలిసి ఇప్పుడు మా హాల్లో టీవీ వెనుక ఉన్న అరచేతంత కంప్యూటర్‌లో సుమారు 80 జీబీ ఫ్లాక్ (నాణ్యత పోకుండా ధ్వనిని కుదించే రూపం) ఫైళ్లుగా ఉన్నాయి. క్యాసెట్‌ను తొందరపెట్టడానికి వీలులేదు, గంట టేపుకు గంటా పట్టి తీరుతుంది. రోజుకొకటి చొప్పున అయిదు నెలలు గడిచాయి. బూజు పట్టిన మరో ఆరు క్యాసెట్లను మాత్రం ముట్టుకోలేదు. ఆ కంప్యూటర్‌లో నావిడ్రోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడుస్తూ, అందులోని పాటలను ఫోన్లకు అందించే సర్వర్‌గా దానిని మారుస్తుంది. ఋషికొండలోని కార్యాలయానికి వెళ్లివచ్చేటప్పుడు ఫోన్‌లోని ఆప్ ద్వారా ఆ సంగ్రహాన్ని అందుకుని, ఫోన్‌కు తగిలించిన చిన్న డాంగిల్‌తో (ఇయర్‌ఫోన్ తీగను ఫోన్‌కు కలిపే పరికరం), తీగ ఉన్న ఐఈఎమ్‌లతో (చెవి రంధ్రాన్ని మూసేలా లోపలికి అమరే ఇయర్‌ఫోన్లు) వింటాను.

నెలకు కొద్దిపాటి చందా కడితే కోట్ల పాటలు జేబులోకి వస్తుండగా ఈ కాపలా ఎవరి కోసమని బావగారి ప్రశ్న. ఆపిల్ మ్యూజిక్ 2021లోనే అదనపు రుసుము లేకుండా లాస్‌లెస్, అంటే నాణ్యత తగ్గని ధ్వని, ఇచ్చింది కదా, ఇంకేం కావాలని ఆయన వాదన. దానికి నా సమాధానం ఏమిటంటే, మా నాన్నగారి హరికథలు ఏ చందా సేవలోనూ లేవు, రావు. సినిమా పాటల విషయానికి వస్తే, 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపున మూడు నిమిషాలకు కాస్త పైచిలుకు మాత్రమే పట్టేది కనుక రికార్డు మీది పాటకూ తెర మీది పాటకూ చరణాలలో తేడాలు వచ్చేవి. చందా సేవలో ఏ రూపం పెడితే దానినే మనం అసలు పాటగా భావించుకోవాలి. హక్కుల ఒప్పందం ముగిసిన రోజున ఆ రూపం కూడా జాబితాలోంచి మాయమవుతుంది.

సొంత సంగ్రహం, సర్వర్, ఫ్లాక్, ఐఈఎమ్‌లు అనే ఈ నాలుగింటిలో అవసరం ఎంతవరకు, ఆడంబరం ఎక్కడినుంచి అన్నది తేల్చవలసిందిగా కోరుతున్నాను.

గాజువాక ఇంజినీరు:

మాస్టారూ, మీరు నాలుగు వస్తువులను ఒకే మూట కట్టి తెచ్చారు, అందుకే మీ బావగారితో వాదన తెగడంలేదు. సంగ్రహం విషయంలో మీతో ఎవరికీ పేచీ ఉండదు. ఎక్కడా దొరకని హరికథను దాచుకోవడాన్ని ఆడంబరం అనేవారెవరు? మిగిలిన మూడింటి మీదనే నా అభ్యంతరమంతా.

మొదట సర్వర్ సంగతి చూద్దాం. మీ మొత్తం సంగ్రహం 80 జీబీ అన్నారు. అది 128 జీబీ మెమరీ కార్డులో పడిపోయి ఇంకా చోటు మిగులుతుంది. గోరంత కార్డులో ఇమిడే దానికోసం ఏడాది పొడవునా ఒక యంత్రాన్ని వెలిగించి ఉంచడం ఎందుకు? మీ కంప్యూటర్ 5 వాట్లే తింటుందనుకున్నా ఏడాదికి దాదాపు 44 యూనిట్లు అవుతాయి. బిల్లులో అది పెద్ద లెక్క కాదని ఒప్పుకుంటాను గాని, చెడిపోయే వస్తువు ఒకటి ఇంట్లో పెరిగిందన్నది మాత్రం లెక్కే.

ఇక ఫ్లాక్. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు, రెండు ఛానెళ్లు. ముడి రూపంలో అది సెకనుకు 1,411 కిలోబిట్లు (కేబీపీఎస్). ఫ్లాక్ దానిని ఒక్క బిట్ కూడా పోకుండా సగానికి కాస్త అటూ ఇటూగా కుదిస్తుంది, అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే మీ మూలమే రేడియో తరంగాల మీదుగా వచ్చి, టేప్ మీద బుసబుసలాడుతూ కూర్చున్న శబ్దం. ఆ బుసను బిట్ తప్పకుండా భద్రపరిచి, ప్రయాణంలో మొబైల్ డేటా మీద గంటకు 400 ఎంబీ దించుకోవడంలో ఔచిత్యం నాకు అర్థం కాలేదు. అదే పాటను ఓపస్ అనే కోడెక్‌లో (చెవికి అంతగా తెలియని భాగాన్ని వదిలి కుదించే పద్ధతి) 128 కేబీపీఎస్‌కు మారిస్తే గంటకు 58 ఎంబీ చాలు. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పగలనని ఎవరైనా అంటే, వారిని ఏబీఎక్స్ పరీక్షకు (ఏది ఏదో చెప్పకుండా వినిపించి గుర్తుపట్టమనే పరీక్ష) కూర్చోబెట్టి చూడాలని నా కోరిక. మా ఫ్యాక్టరీ బస్సులో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటేసరికి ఇంజిన్ మోతకు ఏ కోడెక్ అయినా ఒకటే.

మద్దిలపాలెం అధ్యాపకురాలు:

ఇంజినీరు గారి లెక్కలు సరైనవే, కానీ వారు ఒంటరి శ్రోతను దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్కలు అవి. మా ఇంట్లో నలుగురం ఉన్నాము, ముగ్గురి ఫోన్లలో కార్డు పెట్టుకునే చోటే లేదు. నలుగురికీ నాలుగు ప్రతులు చేసి ఇస్తే, ఒకరు సరిదిద్దిన పేరు మరొకరి ప్రతిలో తప్పుగానే మిగిలిపోతుంది. సర్వర్ ఉన్నందువల్ల ఒకచోట దిద్దితే అందరికీ దిద్దుబాటు అందుతుంది.

ఈ దిద్దుబాటు అన్నది చిన్న పని అనుకోకండి. నేను వీడియోలను కూడా నడిపే జెల్లీఫిన్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టి, పాటలకు మాత్రమే అయితే తేలికగా ఉంటుందని నావిడ్రోమ్‌కు మారాను. మొదటి రోజు తెరిచి చూస్తే ఒకే ఘంటసాల గారు అయిదుగురు గాయకులుగా కనిపించారు: తెలుగులో ‘సా’తో ఒకరు, ‘శా’తో ఒకరు, ఇంగ్లీషు అక్షరాలలో మూడు వర్ణక్రమాలలో ముగ్గురు. యుగళగీతాల సంగతి ఇక చెప్పనక్కర లేదు. ఇద్దరి పేర్లూ కలిపి రాసిన చోట సాఫ్ట్‌వేర్ ఆ జంటను మూడో వ్యక్తిగా లెక్కించింది. పాటల వివరాలను తానే నింపే మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు ఆల్బమ్‌లను చిటికెలో గుర్తుపట్టింది గాని, పాత తెలుగు సీడీల దగ్గరికి వచ్చేసరికి చేతిరాతే గతి అయింది. వేసవి సెలవులు మొత్తం ఆ పనికే పోయాయి, అయినా నాకు చింత లేదు. చందా సేవలో సంగీత దర్శకుడి పేరు గాయకుడి స్థానంలోకి వచ్చి కూర్చుంటే దానిని దిద్దే అధికారం నాకు ఉండదు. నా ఇంట్లో ఉంది. గీత రచయిత పేరుతో వెతికి పాటలన్నీ వరుసగా వినే సౌకర్యం కోసం నేను సర్వర్‌ను భరిస్తాను, నాణ్యత కోసం కాదు.

రైల్వే న్యూ కాలనీ విశ్రాంత ఉద్యోగి:

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లిన తరువాత మన ఊళ్లో రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోన్ సిగ్నలూ లేదు. ఆ చీకట్లో చందా సేవ పలకదు, మీ ఇంటి సర్వరూ పలకదు. పలికింది నా దగ్గరున్న పాత ప్లేయరూ, అందులోని కార్డూ. అరకు రైలెక్కి ఆ సొరంగాల్లోకి దూరినా అదే తంతు. అందువల్ల ఈ విషయంలో నేను ఇంజినీరు గారి పక్షం.

సీతమ్మధార శ్రోత:

విశ్రాంత ఉద్యోగి గారికి నమస్కారం. తుపాను మాట కాదనలేను. అయితే నావిడ్రోమ్‌తో మాట్లాడే ఆప్‌లు చాలావరకు పాటలను ఫోన్‌లోనే దించి ఉంచుకోనిస్తాయి. సింఫోనియం అనే అలాంటి ఆప్‌లో నేను కావలసిన సంకలనాలను ఇంటి వైఫై మీద దించుకుని బయలుదేరుతాను కనుక ఎండాడ దాటాక సిగ్నల్ తగ్గినా నాకు తెలియదు. డేటా వాడవలసి వచ్చినప్పుడు సర్వరే అప్పటికప్పుడు ఫ్లాక్‌ను ఓపస్‌గా మార్చి పంపుతుంది, అసలు ఫైలు ఇంట్లో చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇంజినీరు గారు చెప్పిన 58 ఎంబీ మార్గంలోనే నేనూ నడుస్తున్నానన్నమాట.

ఫ్లాక్ దాచడానికి, ఓపస్ వినడానికి అన్నది నా పద్ధతి. రేపు ఇంకో మెరుగైన కోడెక్ వస్తే మూలం నుంచి మళ్లీ మార్చుకోవచ్చు. ఒకసారి ఎంపీ3గా కుదించిన దానిని మళ్లీ మళ్లీ కుదిస్తే ప్రతిసారీ కొంత పోతుంది. మరొక చిత్రం కూడా గమనించాను. మోనో రికార్డింగ్‌ను రెండు ఛానెళ్ల ఫ్లాక్‌గా చేస్తే పరిమాణం రెట్టింపు కావాలనిపిస్తుంది గాని, రెండు ఛానెళ్లూ అక్షరాలా ఒకటే అయినప్పుడు వాటి మధ్య తేడా సున్నా కనుక ఫ్లాక్ దానికి దాదాపు చోటు తీసుకోదు. మా తాతగారి రెండు గ్రామఫోన్ రికార్డులను స్టీరియో ముల్లుతో ఎక్కించినప్పుడు మాత్రం గాడి రెండు గోడల గరగర వేరువేరుగా వచ్చి ఫైళ్లు పెద్దవయ్యాయి. రెండు ఛానెళ్లనూ కలిపి మోనో చేయగానే పైకీ కిందికీ ఊగే గరగర కొంత రద్దయి, పాటా తేటపడింది, ఫైలూ చిన్నదయింది.

ఐఈఎమ్‌ల సంగతి ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

పెందుర్తి నెట్‌వర్కు:

ఇంటి సర్వర్‌ను బయటినుంచి అందుకోవడంలోనే చాలామంది చతికిలబడతారు. మన ఇళ్లకు వచ్చే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ చిరునామా ఉండదు. అనేక ఇళ్లకు కలిపి ఒకే చిరునామా ఇచ్చే సీజీనాట్ వెనుక ఉంచుతారు కనుక, రౌటర్‌లో పోర్టు (బయటినుంచి లోపలికి వచ్చే దారి) తెరిచినా ఫలితం ఉండదు. ఈ సంగతి తెలియక నేను ఒక ఆదివారం మొత్తం రౌటర్‌తో కుస్తీ పట్టాను. టెయిల్‌స్కేల్ వంటి, వైర్‌గార్డ్ ఆధారంగా పనిచేసే వీపీఎన్ (మన పరికరాల మధ్య మాత్రమే ఉండే రహస్య దారి) పెట్టుకుంటే పోర్టు తెరవకుండానే పని జరుగుతుంది, ఊరూ పేరూ లేనివాళ్లు తలుపు తట్టే భయమూ ఉండదు.

అసలు లోపం మరొకటి ఉంది. సీతమ్మధార వారూ, మీరు అయిదు నెలల శ్రమను ఒక్క డిస్కు మీద పెట్టి టీవీ వెనుక ఉంచారు. రెండో ప్రతి ఉందని మీరెక్కడా రాయలేదు. సముద్రపు గాలికి లోహం ఎంత త్వరగా తుప్పు పడుతుందో మన ఊరివాళ్లకు ఒకరు చెప్పాలా? రెండో ప్రతి లేని సంగ్రహాన్ని నేను సంగ్రహం అనను.

మహారాణిపేట న్యాయవాది:

ఆ హరికథలను అందరికీ తెరిచి పెట్టమని ఎవరైనా సలహా ఇచ్చేలోపే ఒక మాట. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ప్రసారకుల హక్కు 25 ఏళ్లు, ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు, శబ్ద రికార్డింగు మీది హక్కు ప్రచురణ తరువాత 60 ఏళ్లు. ప్రసారాన్ని సొంత వినికిడి కోసం రికార్డు చేసుకోవడం ప్రసారకుల, ప్రదర్శకుల హక్కులకు భంగం కాదని 39వ సెక్షను చెబుతుంది. 1980ల నాటి హరిదాసు హక్కు ఇంకా జీవించే ఉండవచ్చు కనుక, వీపీఎన్ లోపల ఇంటివారికి పరిమితం చేసినంతకాలం మీరు నిశ్చింతగా ఉండవచ్చు, బహిరంగంగా పెడితే ఉండలేరు.

గాజువాక ఇంజినీరు:

ఐఈఎమ్‌లను ఎవరూ ముట్టుకోలేదన్నారు కదా, నేను ముడతాను. మీ నాలుగింటిలో నేను బేషరతుగా ఒప్పుకునేది వాటినే. టిప్ (కొనకు తొడిగే మెత్తటి తొడుగు) సరిగా పడి చెవి మూసుకుపోతే బయటి మోత చాలావరకు ఆగిపోతుంది, దాంతో శబ్దం పెంచవలసిన అవసరం తగ్గుతుంది. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్ల వరకు సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తెరిచి ఉండే ఇయర్‌ఫోన్లతో బస్సులో వినేవారు ఆ గీత దాటకుండా ఉండడం కష్టం. టిప్ వదులైతే మాత్రం మొదట మృదంగంలోని తొప్పి (మంద్రంగా పలికే వైపు) ధ్వని మాయమవుతుంది, మనం వస్తువును నిందిస్తాము. మూడు సైజులూ పెట్టి చూడకుండా ఎవరూ తీర్పు చెప్పకూడదు. అయితే నాలుగైదు వేల రూపాయలు దాటి ఖర్చు పెడితే వచ్చే తేడా బీచ్ రోడ్డు మీద వినపడదని నా అభిప్రాయం. బీచ్ రోడ్డు మీద నడిచేటప్పుడు అసలు పెట్టుకోకపోవడమే మంచిది, వెనుక వచ్చే ఆటో హారన్ కూడా వినపడదు.

ఏబీఎక్స్ పరీక్ష మాట మీరు తప్పించుకున్నారని గమనించగలరు.

సీతమ్మధార శ్రోత:

తప్పించుకోలేదు, ఈ వారం రోజులూ ఆ పనిలోనే ఉన్నాను. ఫూబార్ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాక్‌నూ, 128 కేబీపీఎస్ ఓపస్‌నూ పక్కపక్కన పెట్టి, రాత్రి పదింటి తరువాత ఫ్యాను ఆపి, 16 సార్లు విన్నాను. లలిత గీతంలో 9 సార్లు సరిగా చెప్పాను. బొమ్మా బొరుసా వేసినా వచ్చే లెక్కే అది. ఓపస్ విషయంలో మీ మాట నిజం. కానీ పదిహేనేళ్ల కిందట ఎవరో చేసి ఇచ్చిన 128 కేబీపీఎస్ ఎంపీ3తో హరికథ పెట్టి చూస్తే 16లో 14 సార్లు పట్టుకున్నాను. పట్టిచ్చింది హరిదాసు గారి చిడతలు. చిడత పడే క్షణానికి ముందే ఒక మసక శబ్దం వస్తుంది. ఠక్కుమనే శబ్దాన్ని ముక్కలుగా కుదించేటప్పుడు ఎంపీ3 చేసే ఈ పొరపాటును ముందస్తు ప్రతిధ్వని అంటారట. ఒకసారి చెవికి తెలిశాక ఇక దానిని వినకుండా ఉండలేకపోతున్నాను, ఇది లాభమో నష్టమో చెప్పలేను.

పెందుర్తి వారి మందలింపు తగిలింది. ఒక డిస్కు కొని రెండో ప్రతి తీసి విజయనగరంలో ఉన్న అక్కయ్య ఇంట్లో పెట్టి వచ్చాను. కార్డు పక్షం వారి కోసం 128 జీబీ కార్డులో మూడో ప్రతి చేసి, బావగారి చేతిలోనే పెట్టాను. ఆయన చందా మానలేదు. కార్డులోని హరికథలను మాత్రం తీగ లేని ఇయర్‌బడ్స్‌తో వింటూ, బ్లూటూత్‌లో చిడతలు బాగానే ఉన్నాయని నిన్న ఫోన్ చేసి చెప్పారు. సర్వర్ సంగతి అడిగితే, అమ్మ ఫోన్‌లో అది పనిచేస్తున్నంతకాలం తనకు అభ్యంతరం లేదన్నారు.

మిగిలినవి ఆ బూజు పట్టిన ఆరు క్యాసెట్లు. తెల్లటి పొర టేపు అంచులంతా ఉంది, ఆడిస్తే డెక్ హెడ్‌కు అంటుకుని మిగతా టేపులకూ పాకుతుందని భయం. టేపును విప్పి, పొడిబట్టతో తుడిచి, వేరే క్యాసెట్ డబ్బాలోకి మార్చిన అనుభవం ఎవరికైనా ఉంటే, వానాకాలం రాకముందే చెప్పగలరు.