సంక్రాంతి టోర్నీలో దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకణ్ణి దింపనివ్వాలా?

స్కోరుబుక్కు (అమలాపురం దగ్గర)

అందరికీ నమస్కారం. ప్రతి సంక్రాంతికి మా ఊళ్లో 16 టీములతో లెదర్ బాల్ టోర్నీ పెడతాం. 20 ఓవర్లు, మ్యాటింగ్ పిచ్, కోత అయిపోయిన చేలో గ్రౌండు. స్కోరు రాసేది నేనే, గొడవొస్తే తిట్లు తినేదీ నేనే.

పోయినేడాది సెమీఫైనల్లో పక్కూరి టీమ్ ఎడమచేతి బౌలర్ ఒక్క ఓవర్ వేసి బౌండరీ దగ్గరికెళ్లాడు. బంతి ఆపబోయి గట్టు మీద కాలు జారి కూలబడ్డాడు. పది నిమిషాల్లో చీలమండ బూరెలా పొంగింది. వాడి బదులు ఇంకో కుర్రాడు ఫీల్డింగ్‌కి దిగాడు గానీ బౌలింగ్ చేయనివ్వలేదు, రూల్లో లేదు కాబట్టి. మిగిలిన 3 ఓవర్లూ ఎప్పుడూ బంతి పట్టని ఓపెనర్ వేసి 41 పరుగులిచ్చాడు. చివర్లో దెబ్బ తగిలిన కుర్రాడే కుంటుతూ బ్యాటింగ్‌కొచ్చి రనౌటయ్యాడు. దెబ్బ తగిలిన బ్యాట్స్‌మన్ బదులు పరుగెత్తే రన్నర్ని ఇంటర్నేషనల్ మ్యాచుల్లో 2011లోనే తీసేశారు కదా అని మేమూ తీసేశాం మరి. 9 పరుగుల తేడాతో ఓడిపోయారు. వాడి మేనమామ నా టేబుల్ దగ్గరికొచ్చి స్కోరుబుక్కు లాక్కుని, "మావాడి కాలు పోతే మీకు రూలు గుర్తొచ్చిందా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

అలాగని గేట్లు ఎత్తేద్దామంటే అంతకుముందు ఏడాది సంగతి గుర్తొస్తుంది. డకౌటైన బ్యాట్స్‌మన్‌కి "తిమ్మిరెక్కింది" అని చెప్పి, బదులుగా రాజమండ్రి నుంచి వచ్చినవాణ్ణి దింపబోయారు. ఆ కొత్తాయన భుజాన బ్యాగు ఇంకా అలాగే ఉంది! ఈసారి ఏం రూలు రాయమంటారు?

తెల్లకోటు (విశాఖ)

తమ్ముడూ, జిల్లా మ్యాచులకి చాలాఏళ్లు అంపైరింగ్ చేశాను. నువ్వడిగింది ఇప్పుడు పెద్దవాళ్లూ తేల్చుకోలేకపోతున్న విషయమే. తలకి దెబ్బ తగిలితే బదులు ఆటగాణ్ణి దింపే రూల్ 2019 ఆగస్టు నుంచి ఉంది. మిగతా గాయాలకి బీసీసీఐ 2025-26 సీజన్ నుంచి దేశవాళీలో, అదీ ఒకరోజుకి మించి జరిగే మ్యాచుల్లోనే, ఒప్పుకుంది. దెబ్బ ఆడుతుండగా మైదానంలోనే, బయటినుంచి తగిలిందై ఉండాలి. ఎముక విరగడం, కీలు తప్పడం, లోతుగా తెగడం లాంటివన్నమాట. వచ్చేవాడు పోయినవాడి లాంటి ఆటగాడే కావాలి.

మన హనుమ విహారినే చూడు. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్‌ఫైనల్. ఆవేశ్ ఖాన్ బౌన్సర్‌కి మణికట్టు విరిగింది. ఆంధ్రకి కెప్టెన్ కదా, తొమ్మిదో వికెట్ పడగానే మళ్లీ వచ్చి కుడిచేతి బ్యాట్స్‌మన్ కాస్తా ఎడమచేత్తో ఆడాడు. ఇప్పటి రూలైతే అతనికి బదులు ఇంకొకడు దిగొచ్చు. అదే విహారి 2021 సిడ్నీ టెస్టులో తొడ కండరం పట్టేసినా 161 బంతులాడి 23 నాటౌట్‌గా మ్యాచ్ కాపాడాడు. అది బయటి దెబ్బ కాదు కాబట్టి ఈ రూల్ కిందికి రాదు. మనిషి ఒకడే, నొప్పి రెండుసార్లూ నొప్పే. కానీ అంపైర్ కళ్లకి కనపడేది ఒకటే. నీ దగ్గర డాక్టరు లేడు కాబట్టి కళ్లకి కనపడినదానికే ఒప్పుకో. చీలమండ బెణుకంటే నేనైతే కుదరదనేవాణ్ణి.

ఆఖరి యార్కర్ (హైదరాబాద్)

నేను పూర్తిగా వ్యతిరేకం. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టు ఐదో రోజు ఆఫీసులో ఫోన్ డెస్క్ కింద పెట్టుకుని చూశాను. మొదటిరోజే భుజం కీలు తప్పిన ఇంగ్లండ్ పేసర్ క్రిస్ వోక్స్, చెయ్యి స్వెటర్ లోపల కట్టుకుని పదకొండోవాడిగా దిగాడు. ఒక్క బంతీ ఆడలేదు, పరుగెత్తినప్పుడల్లా మొహం మాడిపోతోంది. అటువైపు మా సిరాజ్. అట్కిన్సన్ వికెట్ ఎగిరింది, 6 పరుగులతో గెలిచాం. వోక్స్ బదులు తాజా పేసర్ ఒకడుంటే మన రెండో ఇన్నింగ్స్ 396 దాకా వెళ్లేదా? ఆకాశ్ దీప్ 66 కొట్టేవాడా? నేను స్వార్థంతో మాట్లాడుతున్నానని ఒప్పుకుంటా.

అయినా వాడుకునేవాళ్లు వాడుకుంటారు, అందులో మనమూ తక్కువేం కాదు. 2020లో కాన్‌బెర్రా టీ20లో చివరి ఓవర్లో జడేజా హెల్మెట్‌కి బంతి తగిలింది. బదులొచ్చిన చాహల్ 3 వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కొట్టేశాడు. ఆస్ట్రేలియా కోచ్ లాంగర్ అప్పుడే రిఫరీ దగ్గర మండిపడ్డాడు. రూల్ ప్రకారం తప్పేం లేదు, కానీ ఆ ప్లేస్‌లో మనముంటే ఊరుకునేవాళ్లమా?

పట్టీ (గుంటూరు)

ఫిజియోథెరపిస్టుని. మ్యాచులు చూడను, మోకాళ్లు చూస్తాను.

అంపైర్ గారూ, "బెణుకంటే కుదరదు" అనేశారు గానీ, వాచిన చీలమండలో ఎముక విరిగిందో లేదో గ్రౌండులో మీకూ తెలీదు, నాకూ తెలీదు. నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. మేం మొదట చూసేది అదే. ఆ కుర్రాణ్ణి బ్యాటింగ్‌కి పంపడమే అసలు తప్పు. బదులు ఆటగాడు లేడంటే వీళ్లు కుంటుతూనే ఆడతారు, పండగ అయ్యాక మా దగ్గరికొస్తారు. ఇరవై ఏళ్లవాడు "నొప్పి లేదు మేడమ్" అంటే నేను నమ్మను.

ఇంతకీ ఆ గట్టు ఇంకా అక్కడే ఉందా?

స్కోరుబుక్కు

అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి కమిటీలో కూర్చుని, మేడమ్ గారి మాట పట్టుకుని రాసుకున్నాం. దెబ్బ తగిలినవాణ్ణి ఇద్దరు కెప్టెన్ల ముందు నాలుగడుగులు వేయమంటాం. వేయలేకపోయినా, విరిగిందో తెగిందో కళ్లకి కనపడినా బదులు దిగొచ్చు, కానీ ఆ పేరు టాస్ అప్పుడే నాకిచ్చి ఉండాలి. బస్సు దిగి నేరుగా వస్తే కుదరదు. పోయినవాడికి మిగిలిన ఓవర్లే కొత్తవాడివి, పోయినవాడు అప్పటికే ఔటైతే మళ్లీ బ్యాటింగ్ లేదు. దెబ్బ తగిలినవాడు తర్వాతి మ్యాచ్ కూడా ఆడకూడదు. ఈ చివరిదాని మీదే గంట గొడవైంది. సెమీస్‌లో నిజంగా దెబ్బ తగిలినవాడు ఫైనల్ పోగొట్టుకుంటాడు కదా అన్నారు. నిజమే. కానీ ఫైనల్ వదులుకుని ఎవడూ దొంగ కుంటుడు కుంటడు. అలాగే ఉంచేశాం.

గట్టు అక్కడే ఉంది మేడమ్. మీరడిగేదాకా మాకెవరికీ తట్టలేదు. చదును చేయడానికి ట్రాక్టరున్నది ఆ మేనమామ దగ్గరే. మొహమాటపడుతూనే ఫోన్ చేశాను. డీజిల్ మీరు పోయిస్తే వస్తానన్నాడు.