‘ఓపెన్ ద లైట్’ అనే చైనా పిల్లలకు ‘ఓపెన్’ ఎలా నేర్పాలి?

నమస్కారం అండి. చైనా పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్ చెప్తున్నాను. అందరూ 12 ఏళ్ల లోపు వాళ్లే. ‘ఓపెన్’ అనే క్రియ దగ్గర బండి ఆగింది, అనుభవం ఉన్నవాళ్లు కాస్త దారి చూపించండి.

మాండరిన్‌లో ‘ఖాయ్’ అనే ఒక్క క్రియే తలుపు తీయడానికీ, లైటు వేయడానికీ, కారు నడపడానికీ, మీటింగ్ పెట్టడానికీ సరిపోతుంది. పువ్వు పూసినా, నీళ్లు మరిగినా అదే. అందుకే వాళ్ల నోట ‘ఓపెన్ ద లైట్’, ‘ఓపెన్ ద టీవీ’ అని వచ్చేస్తుంది. ఆర్పమంటే ‘క్లోజ్ ద లైట్’. వాళ్ల లాజిక్‌లో లోపమేమీ లేదు, నాకైతే ముచ్చటేస్తుంది. కానీ పరీక్షలో మార్కులు పోతాయని పిల్లలకు టెన్షన్.

మూసి ఉన్నది తెరిస్తే ‘ఓపెన్’, కరెంటుతో నడిచేదైతే ‘టర్న్ ఆన్’ అని చెప్పాను. సీసా, పెట్టె, కిటికీ వరకు బాగానే నడిచింది. లాప్‌టాప్ అయితే మరీ బాగా కుదిరింది: మూత ఎత్తితే ‘ఓపెన్’, బటన్ నొక్కితే ‘టర్న్ ఆన్’. కానీ కుళాయికి కరెంటు లేదు, అయినా ‘టర్న్ ఆన్’ అనాలి. ఫోన్‌లో యాప్‌కి మూత లేదు, అయినా ‘ఓపెన్’. బ్యాంకు ఖాతా, కొత్త షాపు దగ్గర మాత్రం ‘ఖాయ్’, ‘ఓపెన్’ చక్కగా కలుస్తాయి.

ముందు నియమం చెప్పి మినహాయింపులు తర్వాత ఇవ్వాలా, లేక నియమం ఊసెత్తకుండా ‘టర్న్ ఆన్ ద ట్యాప్’ లాంటివి మాటకు మాట కలిపి బట్టీ పట్టించాలా? ‘డ్రైవ్’ కూడా ఇప్పుడే చెప్పేస్తే గందరగోళమవుతుందా? చైనా పిల్లలకు పాఠం చెప్పినవాళ్లు ఏ వరసలో చెప్పారో రాయండి, ప్లీజ్.