410 పేజీల నవలలో ఏ సన్నివేశం ఉంచాలి, ఏది తీసేయాలి?

బంగారుపాళెం టీచరు:
నమస్కారం. మాది చిత్తూరు దగ్గర బంగారుపాళెం. బడిలో తెలుగు చెబుతాను. మూడేళ్లుగా ఒక నవల రాస్తున్నాను. చెరకు గానుగ ఆడించే ఇంటి కథ. పెద్దకూతురికి ఇస్తానని మాట ఇచ్చిన ఎకరాన్ని తండ్రి అప్పుల కోసం గుట్టుగా అమ్మకానికి పెడతాడు. ఆ సంగతి ఆమె చెవిన పడుతుంది. చేతిరాతలో 410 పేజీలు వచ్చింది. చదివిన స్నేహితురాళ్లిద్దరూ వంద పేజీలు తగ్గించమన్నారు. ఏ వంద అన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పొత్తు కుదరలేదు.

నేను మూడు చోట్ల ఆగిపోయాను. ఒకటి, రాత్రిపూట బెల్లం వండడం, 12 పేజీలు. మా నాన్న వండేవారు. పొయ్యిలోకి ఎండు పిప్పి ఎగదోయడం, సున్నపు నీళ్లు పడగానే తేలే మడ్డిని తీసేయడం, పాకం చుక్కను చన్నీళ్ల గిన్నెలో వేసి రెండు వేళ్ల మధ్య ఉండ కట్టి చూడడం, అన్నీ కళ్లారా చూసి రాసినవే. ఆ ఉండ నాకే ఇచ్చేవారు, ఇంకా వెచ్చగా ఉండేది. కానీ కథ అక్కడ కదలదు. రెండు, మేనమామ సాయం కోసం కూతురు బస్సులో తిరుపతికి వెళ్లడం, 6 పేజీలు. మూడు, అక్కడ గంగమ్మ జాతర, 9 పేజీలు.

నాన్న పోయి నాలుగేళ్లయింది. బెల్లం రాత్రిని తీసేయడానికి చెయ్యి రావడం లేదు. మీరైతే ఎలా తేల్చుకుంటారు?

తిరుపతి నుంచి, డీటీపీ పని చేసే వ్యక్తి:
టీచరు గారూ, ఒక్కో సన్నివేశానికి ఒక చీటీ రాయండి. అందులో ఏం జరిగిందో వద్దు, అది అయ్యాక ఏం మారిందో రాయండి. ఎవరికి ఏ సంగతి తెలిసింది, ఎవరు ఎవరితో మాట మానేశారు, అలా. చీటీ ఖాళీగా మిగిలితే ఆ కాగితాలను ఒక సంచిలో పెట్టి, మిగతాది వరసగా చదవండి. ఎక్కడా తట్టుకోకపోతే అవి లేకపోయినా పరవాలేదు. బస్సు ప్రయాణం నిలవదని నా నమ్మకం. పూతలపట్టు, చంద్రగిరి మీదుగా అంత దూరం పాఠకుడిని కూర్చోబెట్టే బదులు 'తిరుపతిలో బస్సు దిగింది' అంటే చాలు. సంచిని మాత్రం పారేయకండి.

తాతయ్యగుంట వీధి నివాసి:
మాది తిరుపతిలో గంగమ్మ గుడి దగ్గరే. జాతరలో ఆ అమ్మాయి ఏం చేస్తుంది?

బంగారుపాళెం టీచరు:
చూస్తుందండీ. భక్తులు కట్టే బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, అన్నీ వరసగా వర్ణించాను.

తాతయ్యగుంట వీధి నివాసి:
అయితే తీసేయండి. ఒంటికి నామకొమ్ము అనే తెల్లమట్టి, కుంకుమ, బొగ్గుపొడి పూసుకోవడం మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియని వారికి అది జాబితాలాగే ఉంటుంది. జాతర మొదలవుతుందని వీధుల్లో చెప్పే చాటింపును మాత్రం వదలకండి. చాటింపు పడితే జాతర ముగిసేదాకా పొలిమేర దాటకూడదని మా ఇళ్లలో గట్టి పట్టింపు. మీ అమ్మాయి మేనమామను వెంటబెట్టుకుని తెల్లవారి బయల్దేరాలి. ఆ రాత్రే వీధిలో చాటింపు వినబడితే? అత్త ఆమెను గడప దాటనివ్వదు. ఈలోగా ఊళ్లో ఎకరం రిజిస్ట్రేషన్ అయిపోతుంది!

పాకాల రైతు:
చీటీల లెక్క చూస్తే బెల్లం రాత్రి కూడా సంచిలోకి పోతుంది. దానికి నేను ఒప్పుకోను. నేనూ బెల్లం వండే పెనం ముందు కూర్చున్నవాణ్ణే. అమ్మా, ఎకరం సంగతి కూతురు తండ్రిని ఎక్కడ అడిగింది? పగటిపూట అయితే ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోగలడు. పాకం దగ్గరకొచ్చాక మాత్రం మనిషి లేవలేడు. ముదిరితే బెల్లం రంగు మారుతుంది, లేతలో దించితే గట్టిపడదు. ఇంటిల్లిపాది కష్టం ఆ కాసేపటిలో ఉంటుంది. ఆ ప్రశ్నను తెచ్చి పెనం దగ్గర పెట్టండి. ఆయన ఎక్కడికి పోతాడో చూద్దాం.

బంగారుపాళెం టీచరు:
అయ్యా, మీ మాట చదవగానే లేచి కాగితాలు తీశాను. అడిగింది అరుగు మీద, మధ్యాహ్నం. మీరన్నట్టే ఆయన లేచి వెళ్లిపోయాడు! ఆ 7 పేజీలూ తీసేశాను, బస్సు 6 పేజీలూ సంచిలోకి వెళ్లాయి. బెల్లం రాత్రిని నాలుగు రోజులు కూర్చుని మళ్లీ రాస్తే 12 పేజీలు 8 అయ్యాయి. గానుగ ఎద్దుల గురించి రాసినదంతా పోయింది, అది బాధే. పాకం ఉండ మిగిలింది. కూతురు అడుగుతుంది. ఆయన జవాబు చెప్పడు, పెనం మీంచి చూపు తిప్పడు, చన్నీళ్లలోంచి ఉండ తీసి ఆమె అరచేతిలో పెడతాడు. ఆమె తినదు. ఆ వాక్యం రాసి చాలాసేపు కలం పక్కన పెట్టాను. నాన్న ఇచ్చింది నేను ఏనాడూ తినకుండా ఉండలేదు.

తాతయ్యగుంట వారూ, చాటింపు రాత్రి గడప దగ్గర అత్త ఆమెను ఏ మాటలతో ఆపుతుంది? మీ ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాట ఉన్నదున్నట్టు చెబితే రాసుకుంటాను.