పండ్లు తినే గబ్బిలం, గడ్డి చామంతి: పోల్చడానికి ఏముంది?

ప్రశ్న:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పండ్లు తినే గబ్బిలాన్ని, పూలు పూసే ఒక కలుపు మొక్కతో పోల్చి రాయమని హోంవర్క్ ఇచ్చారు. తను గడ్డి చామంతిని ఎంచుకుంది. ఒకటి జంతువు, ఒకటి మొక్క అని రాసి ఆగిపోయింది. ఇంకేం రాయొచ్చు? మొక్క పాతకాలం జీవి, గబ్బిలం బాగా పరిణామం చెందింది అనొచ్చా?

జవాబు 1:
కణాలతో మొదలుపెట్టమనండి. రెండింటి కణాల్లోనూ కేంద్రకం, మైటోకాండ్రియా ఉంటాయి. కణకవచం, హరితరేణువులు మొక్కకే ఉంటాయి.

జవాబు 2:
మొక్క పాతది అని మాత్రం రాయించకండి, దయచేసి. నేను బోటనీ చెప్తాను. ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. దొరికిన గబ్బిలాల అస్థిపంజరాల్లో బాగా పాతవి దాదాపు 5.2 కోట్ల ఏళ్ల నాటివి, అమెరికాలోని వయోమింగ్‌లో బయటపడ్డాయి. చామంతి కుటుంబానికి చెందిన ఒక పూగుత్తి శిలాజం అర్జెంటీనాలోని పెటగోనియాలో దొరికింది. దాని వయసు సుమారు 4.75 కోట్ల ఏళ్లు. ఇందులో ఏది పాతకాలంది?

నన్నడిగితే అసలు పోలిక ఎగరడంలో ఉంది. గబ్బిలం రెక్క అంటే దాని చెయ్యే. బొటనవేలు గోరుతో విడిగా ఉంటుంది. మిగతా నాలుగు వేళ్లూ బాగా సాగి, వాటి మధ్య పలచని చర్మం పరుచుకుంది. గడ్డి చామంతి గింజ మీది తెల్లటి నూగు కథా ఇంతే. మామూలు పువ్వులో మొగ్గను కాపాడే రక్షకపత్రాలే ఇక్కడ వెంట్రుకల్లా మారి గొడుగులా విచ్చుకుంటాయి. ఆ గింజను లెన్స్ కింద పెట్టి బొమ్మ గీయమనండి. పక్కనే గబ్బిలం రెక్కలోని ఎముకలు, తన చేతి ఎముకలు కూడా గీస్తే ఎంత బాగుంటుందో!

పిల్లల విషయంలో మాత్రం రెండూ పూర్తిగా వేరు. పెద్ద పండ్ల గబ్బిలం సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లను కని, మొదట్లో ఒంటికి అంటిపెట్టుకునే తిరుగుతుంది. మొక్క వందల గింజల్ని గాలికి వదిలేస్తుంది.

అడిగినవారు:
చాలా థాంక్సండీ. గబ్బిలాలు విత్తనాలు మోస్తాయంటారు కదా, ఈ మొక్కవీ మోస్తాయా?

జవాబు 2:
లేదండీ. దీనికి గుజ్జున్న పండు కాయదు, గబ్బిలం దాని జోలికి రాదు. మర్రి, రావి పండ్లలోని సన్నటి గింజలైతే దాని కడుపులోంచి చెక్కుచెదరకుండా బయటికొస్తాయి. పెద్ద గింజ ఉన్న పండును నోట కరుచుకెళ్లి, ఇంకో చెట్టు మీద గుజ్జు తిని గింజను కింద పడేస్తుంది. ఒకటి గాలిని నమ్ముకుంది, ఇంకొకటి వేరే చెట్ల గింజల్ని మోస్తుంది అని విడిగా ఒక పేరా రాయించండి.